ఓడినవాడి మాట

రూతమ్మ ఆంటీ మస్కట్ రావడానికి విజిట్ వీసా వచ్చిందని తెలిసిన పొద్దున్నే బాషా నాకు ఫోన్ చేశాడు. సలాం లేదు, క్షేమసమాచారం లేదు. "శీనుగా, వచ్చే శుక్రవారం నువ్వు ఊర్లో ఉండొద్దప్పా. సలాలా పోయిరా. వాన పడతాంది ఆడ, చల్లగా ఉంటాది, కొబ్బరి బొండాలు తాగు. కారు నేనిస్తా" అన్నాడు. నలభై ఏళ్ళ స్నేహంలో బాషా నాకు సైకిలు కూడా ఇచ్చి ఎరగడు. వాడు కారు ఇస్తున్నాడంటే నా నోటికి భయపడుతున్నాడని అర్థం.

ఆ నోటికి ఇక్కడి తెలుగువాళ్ళలో కొంచెం పేరుంది లెండి. ఒకసారి జూన్ ఎండకి మా కారు బానెట్ మీద అప్పడం పెడితే వేగిందని చెప్పాను. అది నిజం. కాకపోతే ఎక్కడినుంచో ఒక మేక వచ్చి, అప్పడం కొరికి చూసి, ఉప్పు తక్కువైందని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయిందని కూడా చెప్పాను. జనం అక్కడ అనుమానపడ్డారు. ఈ విద్య నాకు వంశంలో రాలేదు. మా నాన్న ఆకాశం నల్లగా కమ్ముకున్నా "వాన వచ్చేలా ఉంది" అనేవాడు కాదు. వచ్చాక "వచ్చింది" అనేవాడు. మస్కట్‌లో ఆ మాట ఏడాదికి రెండుసార్లు అంటే ఎక్కువ. ఆయన జీవితంలో వాడకుండా మిగిల్చిన అబద్ధాలన్నీ నా వాటాకి వచ్చాయి. వాటిని ఎలా వాడాలో నాకు నేర్పింది మాత్రం ఒక బల్ల. ఆరుగురు కూచుని తినే భోజనాల బల్ల. ఆ బల్ల రూతమ్మ ఆంటీది.

చిన్నప్పుడు మేం మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో ఉండేవాళ్ళం. మెట్లెక్కి వస్తే వసారాలో మూడు తలుపులు. ఎడమది మాది, కుడిది కడప బాషా వాళ్ళది, ఎదురుగా రూతమ్మ ఆంటీది. ఆమెది నరసాపురం పక్క పల్లె, ఆస్పత్రిలో నర్సు. అంకుల్ ఎక్కడో లోపలి సైట్‌లో పనిచేసి పదిహేను రోజులకొకసారి, ఒంటినిండా సిమెంటుతో, చేతిలో ఖర్జూరం డబ్బాతో దిగేవాడు. ఆమె తలుపు తీస్తే ముందు డెట్టాల్ వాసన వచ్చేది, దాని వెనకే చింతపండు పులుసు వాసన. సాయంత్రమైతే వీధి అవతలి ఒమానీ వాళ్ళ సాంబ్రాణి పొగ కిటికీలోంచి వచ్చి ఆ రెండింటి మధ్యా కూచునేది. ఆ మూడూ కలిసిన వాసన ఇవాళ సీసాలో పెట్టి అమ్మితే నా రెండు నెలల జీతం పెట్టి కొంటాను. మా ఇంట్లో కిటికీ ఏసీ ఒకటి ఉండేది. అది ఆన్ చేస్తే ఫ్లాట్ మొత్తం లారీ ఎక్కినట్టు వణికేది. అమ్మ దాని ముందు పెరుగు గిన్నె పెట్టి, ఆ వణుకుడికే వెన్న తీసేది. (ఇది నమ్మకపోయినా ఫరవాలేదు.)

బయట ఎండ, లోపల లారీ. ఇంకెక్కడ ఆడుకోవాలి? వసారాలో కర్రలు పట్టుకుని యుద్ధాలు చేసేవాళ్ళం. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న ఆంటీ ఒకరోజు తలుపు తెరిచింది. జుట్టు విరబోసుకుని, కళ్ళు ఎర్రగా, చేతిలో అట్లకాడ. మాకు ఆయువు మూడిందనుకున్నాం. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, "లోపలికి రండర్రా. యుద్ధం బల్ల మీద చేసుకోండి, నా తల మీద కాదు" అంది. ఆ వారంలోనే ఆట పుట్టింది.

బల్ల మీద పరిచే రెక్సిన్ గుడ్డని తిరగేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో కొండలూ దారులూ ఖర్జూరం తోటలూ గీసింది. సైన్యానికి ఇంజక్షన్ సీసాల మూతలు. ఎర్రవి బాషావి, నీలంవి నావి. చెత్తలో పడేసే మూతల్ని ఆమె వేడినీళ్ళలో ఉడకబెట్టి, ఆరబెట్టి జేబులో వేసుకొచ్చేది. ఖర్జూరం గింజలు ఒంటెలు. డాక్టర్లు నాలుక నొక్కి చూసే చెక్కపుల్ల మా కొలబద్ద. సైనికుడు ఒక ఎత్తుకి ఒక పుల్ల దూరం నడవాలి, ఒంటె రెండు పుల్లలు. దగ్గరికొచ్చాక పాచికలు చెప్తాయి ఎవడు చచ్చాడో. బల్ల నడిమధ్య కోట. విరిగిన కాళ్ళకి వేసే పిండికట్టుతో కట్టింది దాన్ని. ఎముక విరక్కుండా కట్టు వేయించుకున్న కోట ప్రపంచంలో అదొక్కటే. దానికి బహ్లా కోట అని పేరు పెట్టింది, అంకుల్ పనిచేసే సైట్ ఆ ఊరి పక్కనే కాబట్టి. ఆమె ఎప్పుడూ బహ్లా చూడలేదు. నరసాపురం మనిషి కదా, పక్కన నీళ్ళు లేకుండా కోట ఎలా ఉంటుందో ఆమె ఊహకి అందలేదు. కోట గోడనానుకుని గోదావరంత నది గీసి, అందులో పడవలు కూడా వేసింది. తర్వాతెప్పుడో మా రెండు కుటుంబాలూ వ్యాను మాట్లాడుకుని నిజం బహ్లా వెళితే, అక్కడ ఎటు చూసినా మట్టిగోడలూ ఎండకొండలూ. బాషా ఒక కొట్లో ముసలాయన దగ్గరికెళ్ళి, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో పడవలరేవు ఎటు అని అడిగాడు. ఆయన వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నీళ్ళసీసా ఇచ్చి నీడన కూచోబెట్టాడు.

శుక్రవారం మాకు ఆదివారం, ఇక్కడ వారం సెలవు ఆ రోజే. పొద్దున్నే ఆంటీ తెల్లచీర కట్టుకుని ప్రార్థనకి వెళ్ళొచ్చేది. వస్తూనే చీర మార్చకుండా పొయ్యి మీద చేపల పులుసు పడేసేది. అది దింపేలోపు మా యుద్ధం. ఒక శుక్రవారం నేను గెలిచాను. బాషా లేచి తిన్నగా బాత్‌రూంలోకెళ్ళి గడియ పెట్టేసుకుని ఏడుపు మొదలెట్టాడు. ఒక గంట. ఆంటీకి ఆ రోజు డ్యూటీ. ఆస్పత్రి వ్యాను కింద హారన్ కొడుతోంది. ఆమె యూనిఫాం ఉతికి ఆరేసింది ఆ బాత్‌రూంలోనే. తలుపు బాదలేదు, తిట్టలేదు. తలుపుకి ఆనుకుని కింద కూచుని, "ఒరే బాషా, కోట ఎలా పోయిందో చెప్పు నాన్నా. నిజం అక్కర్లేదు" అంది. లోపల ఏడుపు ఆగింది. కాసేపటికి ముక్కు ఎగపీలుస్తూ గొంతు వినపడింది. "మా ఒంటెలకి కడుపులో నొప్పి వచ్చింది ఆంటీ." "అయ్యయ్యో, ఎందుకొచ్చింది?" "శీనుగాడు వాళ్ళమ్మ చేసిన ఉప్మా తెచ్చి నదిలో కలిపినాడు." హారన్ గోల ఏమిటా అని వచ్చిన మా అమ్మ సరిగ్గా ఆ మాటకే గుమ్మంలో నిలబడింది. నేను నేలమీద పడి దొర్లాను. గడియ తెరుచుకుంది. బాషా కూడా నవ్వుతున్నాడు, ముక్కు కారుతోంది. ఆంటీ తడి యూనిఫాంతోనే పరిగెత్తింది.

పై శుక్రవారానికి గుడ్డ అంచు మీద కొత్త నియమం రాసి ఉంది. ఓడినవాడు లేచి నిలబడి ఎలా ఓడాడో చెప్పాలి. నిజం చెప్పకూడదు. గెలిచినవాడు నవ్వితే, వచ్చేవారం మొదటి ఎత్తు ఓడినవాడిది. దాన్ని ఓడినవాడి మాట అనేవాళ్ళం. అంతే, ఆ రోజునుంచీ నేను గెలవడం మీద శ్రద్ధ తగ్గించేశాను. గెలిచినవాడికి కోట దక్కేది, పిండికట్టు కోట. ఓడినవాడికి గదిలో ఉన్న అందరి మొహాలూ దక్కేవి. పై అంతస్తులోంచి కరీంనగర్ పద్మ వచ్చి చేరింది, తర్వాత పక్క బిల్డింగుల వాళ్ళు. నాన్న ఆఫీసులో నియమాలు జెరాక్స్ తీయించాడు, మేనేజరుకి చెప్పి మరీ. అమ్మలు పాలపొడి డబ్బాలు దాచి ఇచ్చారు. ఒక్కో డబ్బాలో గుడ్డ, మూతలు, గింజలు, పుల్ల, జెరాక్స్. దేశాలు మారిన కుటుంబాలన్నీ ఒక్కో డబ్బా పట్టుకెళ్ళాయి. ఆ డబ్బాలవాళ్ళం ఇప్పుడు ఫోన్లో ఒక గ్రూపు, పేరు దార్సైట్ సైన్యం. పొట్టలూ బట్టతలలూ ఉన్న సైన్యం.

ఆ గ్రూపులో ఈమధ్య బాషా బాంబు వేశాడు. కంపెనీ ఉద్యోగం మానేసి, ఇక్కడే ఖురం పేటలో ఆఫీసు తీసి, ఆటని అచ్చువేసి బజార్లోకి విడుదల చేస్తున్నాడట. నిగనిగలాడే అట్టపెట్టె, అచ్చుపోసిన సైనికులు, ఒంటెలకి మూపురాలు. సంతోషంతో అరిచాం. తర్వాత వాడు పెట్టిన నియమాల కాగితం చదివాం. అందులో ఓడినవాడి మాట లేదు. గ్రూపు అడ్డంగా చీలింది. సగంమంది, పోన్లే, ఆట బతికితే చాలన్నారు. మిగతా సగానికి పద్మ సేనాపతి. ఆమె ఇప్పుడు ఇక్కడే బడిలో లెక్కలు చెప్తుంది, గొంతులో ఎప్పుడూ ఒక బెత్తం ఉంటుంది. ఒకాయన అలిగి గ్రూపులోంచి మూడుసార్లు వెళ్ళిపోయి మూడుసార్లూ మళ్ళీ చేర్చమని అడిగాడు.

నేనూ పద్మా ఖురం వెళ్ళి బాషాని ఆఫీసులోనే పట్టుకున్నాం. వాడి గోడు వాడు చెప్పాడు. "షాపులోళ్ళు ఏమంటాండారో తెల్సా? ముప్పావుగంటలో అయిపోవాలంట ఆట. కేఫేల్లో టేబుళ్ళ మీద ఆడతారు. ముక్కూమొహం తెలీనోళ్ళు. ఓడిపోయినోన్ని లేపి నిలబెట్టి అందరి ముందర కథ చెప్పమంటే, మళ్ళీ వస్తాడా వాడు? నాసర్ భాయ్ కూడా అదే అంటాండాడు." నాసర్ వాడి భాగస్వామి, ఒమానీ, అసలు సిసలు బహ్లావాడు. పద్మ ఊరుకోలేదు. "అది తీస్తే ఇగ ఏం మిగుల్తదిరా? పాచికలు ఎవడన్న ఏస్తడు. ఆ మాట కోసమే గద మేం రోజుల తరబడి ఎదురుచూసేటోళ్ళం!" బాషా పేపర్‌వెయిట్ తిప్పుతూ కూచున్నాడు. "ఉద్యోగం ఇడ్సిపెట్టి దిగినాను పద్మా. ఇది లేవకపోతే నేను లేవను" అన్నాడు మెల్లగా. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆట రూతమ్మ ఆంటీది. ఆమె ఇక్కడ నర్సుగా ఉన్న కూతురి దగ్గరికి వస్తోంది. శుక్రవారం ఆమె ముందు కొత్త ఆట ఆడి చూపించాలి, ఆమె ఏది చెప్తే అది. ఆదివారం పొద్దున కాగితం ప్రెస్సుకి.

కాబట్టి నేను సలాలా వెళ్ళలేదని వేరే చెప్పక్కర్లేదు. కూతురి ఫ్లాట్ కూడా దార్సైట్‌లోనే. తలుపు తీయగానే ఆంటీ, "ఏరా శీనూ, ఇంకా కోతలేనా, కొంచెం ఏవన్నా తగ్గించావా?" అంది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, గొంతు మాత్రం అట్లకాడే. పులుసు దింపేసింది అప్పటికే. నాసర్ పాదాల దాకా ఉన్న తెల్లటి దిష్‌దాషా అంగీలో, మణికట్టుకి పెద్ద గడియారంతో వచ్చాడు. హిందీ మా అందరికంటే బాగా మాట్లాడతాడు. కొత్త బల్లపటం మీద కూడా నది ఉంది చూశారా, తీసేయమంటారా అని ఆంటీ బిడియంగా అడిగితే, "ఉండనివ్వండి అమ్మా. మా ఊళ్ళో తరతరాలుగా దేవుణ్ణి అడుగుతున్నది అదే" అన్నాడు. నాకు అప్పుడే ఆ మనిషి మీద కొంచెం ఆశ పుట్టింది.

నేనూ బాషా ఆడాం. సైనికులు చక్కగా ఉన్నారు, ఒంటెల మూపురాలు ముద్దొస్తున్నాయి, అవన్నీ ఒప్పుకోవాలి. నలభై నిమిషాలకి వాడు ఓడాడు, కోట నాకు దక్కింది. నాసర్ గడియారం చూసి, "ఖలాస్. ఐదు నిమిషాలు మిగిలాయి కూడా" అన్నాడు. బాషా సైనికుల్ని పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ఎవరో ఫోన్ తీశారు. నేనూ తీశాను, అబద్ధమెందుకు. పాతరోజుల్లో ఆట అయ్యాకే కుర్చీలు దగ్గరికి జరిగేవి. అమ్మలు గరిటెలతో వచ్చి గుమ్మంలో నిలబడేవారు, మా నాన్న కూడా పేపరు మడిచేవాడు. మా చిన్నప్పుడు మూడిళ్ళకి కలిపి ఒక్క ఫోనుండేది, అది కూడా బాషా వాళ్ళింట్లో తాళం వేసి. చెప్పడానికి మనుషులు తప్ప ఇంకేమీ లేవు మాకు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, ఆ గదిలో ఐదు నిమిషాలు మిగిలి కూడా ఉన్నాయి, వాటిని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. "ఇగో, గిదే నేన్ చెప్తున్నది," అంది పద్మ. "ఆట అయిపోయింది, మనుషులు గూడ అయిపోయిన్రు."

భోజనాలకి కూచున్నాక నాసర్ అడిగాడు. "ఈ ఓడినవాడి మాట అసలు ఎక్కడ పుట్టింది? ఎవరూ చెప్పరేం?" బాషా నా వైపు చూసిన చూపులో సలాలా మొత్తం ఉంది. కానీ నేను చెప్పేశాను. ఏడుపు, గడియ, హారన్, యూనిఫాం, ఉప్మా. ఒక్క అక్షరం కలపలేదు. నా జీవితంలో ఏమీ కలపకుండా చెప్పిన కథ అదొక్కటే, దాన్నే ఎవరూ నమ్మలేదు. నాసర్ బాషాని ఎగాదిగా చూశాడు. "ఇతనా? కస్టమ్స్‌వాళ్ళు ఇతన్ని చూసి టీ తెప్పిస్తారు. ఇతను బాత్‌రూంలో కూచుని ఏడ్చాడా?" బాషా చెవులు ఎర్రబడ్డాయి. "వాని మాటలకేం భాయ్, మేక అప్పడం తినిందని చెప్పే రకం" అన్నాడు. ఆ వేళకి పద్మ వాళ్ళు దార్సైట్‌కే రాలేదు. ఆ గదిలో సాక్షి ఒక్కరే. అందరం ఆంటీ వైపు తిరిగాం.

ఆమె బాషాని చూసింది. యాభై ఏళ్ళవాడు, జుట్టుకి రంగు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, పళ్ళెంలో అన్నం ముద్ద ఎంతసేపట్నించో అక్కడే ఉంది. "అలాంటిదేం లేదండి," అంది ఆంటీ, నాసర్ అర్థం చేసుకోవాలని తన ఆస్పత్రి హిందీలో. "బాషా బంగారంలాంటి పిల్లాడు, ఎప్పుడూ ఏడవలేదు. ఈ శీనుగాడు పుట్టుకే అంత." నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పొద్దున్నే తెల్లచీర కట్టుకుని ప్రార్థన చేసొచ్చిన మనిషి, మధ్యాహ్నానికి ఇంత నిండు అబద్ధం! నా మొహం చూడకుండా గరిటె తిప్పి చేప తలకాయ నా పళ్ళెంలో వేసింది. నిఖార్సైన లంచం. తినేశాను.

"అయితే ఇక గొడవే లేదు, ఆ నియమం పుట్టిన కథే అబద్ధమట," అన్నాడు నాసర్. కాగితం మడిచాడు. "ఉన్నదున్నట్టు అచ్చేద్దాం." పద్మ సగం అన్నంలో చెయ్యి కడుక్కోడానికి లేచింది. మమ్మల్ని మనుషుల్ని చేసిన ముక్క ఏదో అదే పోతోంది, దాన్ని తీసేసింది కూడా దాన్ని పుట్టించిన చెయ్యే. పైగా ఎందుకు తీసేసిందో తెలుసు కాబట్టి కోపం కూడా రావడం లేదు.

"నాలుగు గంటలు" అన్నాడు బాషా.

"ఏంట్రా?" అన్నాను.

"ఒక గంట కాదు భాయ్. నాలుగు గంటలు ఏడ్చినా." వాడు లేచి నిలబడ్డాడు, ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని. "ఆంటీ నా పరువు కాపాడాలని అబద్ధం చెప్పింది. ఇప్పుడు ఓడిపోయినోన్ని నేనే కదా, చెప్తా ఇనండి. బకెట్ నిండింది నా కన్నీళ్ళకి. ఆ నీళ్ళతోనే ఆంటీ యూనిఫాం రెండోసారి ఉతికినా. ఉప్పు ఎక్కువై గంజి పెట్టినట్టు అది దానంతటదే నిలబడింది." నాసర్ నవ్వలేదు, ముందుకి వంగాడు. "వ్యాను డ్రైవరు పైకి వచ్చినాడు. వాని వెనకాల డాక్టరు వచ్చినాడు. డాక్టర్ని యెతుక్కుంటా పేషెంట్లు వచ్చినారు, మెట్లనిండా లైను. ఆపరేషన్ సగంలో ఉండే ఒకాయన సెలైన్ కర్ర పట్టుకొని వచ్చి, 'బాబూ, గడియ తియ్యి నాయనా, నా కడుపు ఇంకా కుట్టలేదు' అన్నాడు." ఆంటీ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగురుతున్నాయి. పద్మ తడి చేతులతో గుమ్మంలోనే ఆగిపోయింది. నాకైతే అసూయతో కడుపు మండింది. సెలైన్ కర్ర నాకెందుకు తట్టలేదు? బాషా ఇంకా నిలబడే ఉన్నాడు, చెవులు ఎర్రగానే ఉన్నాయి, కానీ ఇప్పుడది వేరే ఎరుపు. పులుసు చల్లారిపోయింది, ఎవరూ చూడలేదు. నాసర్ కళ్ళు తుడుచుకుంటూ, "ఆగు ఆగు, మా తాతకి ఇంతకంటే పెద్దది జరిగింది" అని మొదలెట్టాడు. ఆట ఆడలేదు, ఓడిపోలేదు, ఎవరూ అడగలేదు. అయినా విన్నాం. అందులో ఒక జిన్ను, ఒక గాడిద, ఒక కొత్త అల్లుడు ఉన్నారు. ఇంకెక్కడా చెప్పనని మాటిచ్చాను. వచ్చే నెలలోపల చెప్తాను.

అదయ్యాక నాసర్ జేబులోంచి పెన్ను తీసి, అట్టపెట్టెని తన ముందుకి లాక్కున్నాడు. మూత మీద మూడు భాషల్లో అచ్చై ఉంది, ఆట సమయం నలభై ఐదు నిమిషాలు అని. దాన్ని కొట్టేయలేదు. కింద కొంచెం చోటుంటే అరబ్బీలో ఒక వరుస రాసి బాషా వైపు తోశాడు. బాషా ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు, ఆంటీ చేతికిచ్చాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి, "నాకీ రాత రాదు కదరా, ఏం రాశాడు?" అంది.

"ఓడినవాడికి ఎంతసేపైనా, అని రాసినాడు ఆంటీ."